మన సర్వీస్ బుక్కు, మనవడి ఆబ్జెక్టు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడవలసిన వేదిక ఇది. నా ప్రసంగ విషయం ‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్’ అని కార్యదర్శి గారు ప్రకటించగానే వెనుక వరుసల్లో కొందరు మిత్రులు నవ్వుకున్నారు. “ఈ వయసులో మనకెందుకయ్యా ఈ గొడవ?” అన్న ప్రశ్న ఆ నవ్వులో ఉంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే నిలబడ్డాను.

మొదటి జవాబు అందరికీ తెలిసినదే. మన పిల్లలు, మనవలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఈ పనే చేస్తున్నారు. “ఏం చేస్తున్నావురా?” అని అడిగితే “నీకు చెప్పినా అర్థం కాదులే తాతయ్యా” అంటారు. అర్థమవుతుంది. మనకే బాగా అర్థమవుతుంది. ఎందుకో తరువాత చెబుతాను.

రెండో జవాబు ముఖ్యమైనది. మన పెన్షన్ ఇప్పుడు గుమాస్తా చేతి లెక్క కాదు, ప్రోగ్రాం లెక్క. ఆ ప్రోగ్రాం లోపల మనలో ప్రతి ఒక్కరి పేరునా ఒక నమోదు ఉంది. దానిలో ఒక్క గడి ఖాళీగా ఉంటే మనకు రావలసినది రాదు. ఎవరి మీద కోపగించుకోవాలో కూడా తెలియదు. కాబట్టి ఆ ప్రోగ్రాం ఎలా ఆలోచిస్తుందో కొంతైనా తెలుసుకోవడం మన హక్కులను కాపాడుకోవడంలో భాగమేనని నా మనవి.

ఎక్కడ పుట్టింది?

ఈ పద్ధతికి మూలం నార్వే దేశం. 1960లలో ఓస్లో నగరంలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ‘సిమ్యులా’ అనే భాషను రూపొందించారు. పనులు, క్యూలు, యంత్రాలు నిజజీవితంలో ఎలా నడుస్తాయో కంప్యూటర్‌లో అనుకరించి చూడడం వారి ఉద్దేశం. క్యూలో నిలబడిన మనిషిని ఉత్త అంకెగా కాక, తన వివరాలు, తన పనులు తన వద్దే ఉన్న ఒక ‘వస్తువు’గా ప్రోగ్రాంలో రాస్తే సులువుగా ఉంటుందని వారు కనుగొన్నారు. ఆ వస్తువే ఆబ్జెక్ట్. 2001 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు ఆ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మరుసటి సంవత్సరమే ఇద్దరూ కన్నుమూశారు.

1970లలో అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో అలాన్ కే, ఆయన సహచరులు ‘స్మాల్‌టాక్’ భాషతో ఈ ఆలోచనను ముందుకు తీసుకుపోయారు. తరువాత బ్యార్నె స్ట్రౌస్ట్రప్ ‘సి ప్లస్ ప్లస్’ భాషను తయారుచేశారు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు ‘జావా’ విడుదల చేశారు. నేను ఈరోజు ప్రస్తావించే భాష ‘పైథాన్’. నెదర్లాండ్స్ దేశస్థుడు గిడో వాన్ రోసమ్ దీనిని 1991లో మొదటిసారి బయటపెట్టారు. పైథాన్ అంటే కొండచిలువ అయినా, ఆ పేరు పాము నుంచి కాక ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమం నుంచి వచ్చింది. ఈ భాష ఉచితం. నేర్చుకోవడానికి మిగతావాటికన్నా సులువు.

ఖాళీ ఫారం, నింపిన ఫారం

ఇక అసలు విషయానికి వస్తాను. మనం ఉద్యోగంలో చేరిన రోజున ఏం జరిగింది? స్టోర్స్ నుంచి ఒక ఖాళీ సర్వీస్ బుక్ తెచ్చారు. అందులో పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, జీతం, సెలవు ఖాతా – ఇలా గడులు అచ్చువేసి ఉన్నాయి. ఆ అచ్చు నమూనాను ప్రోగ్రామింగ్‌లో ‘క్లాస్’ అంటారు. దానిలో మన వివరాలు రాసి, మన పేరున తెరిచిన పుస్తకం ‘ఆబ్జెక్ట్’. నమూనా ఒకటే, పుస్తకాలు వేలకొద్దీ. ఒకరి పుస్తకంలో ఇంక్రిమెంటు ఎక్కిస్తే పక్కవారి పుస్తకం మారదు. నమూనాలో కొత్త గడి చేరిస్తే ఆ తరువాత తెరిచే పుస్తకాలన్నిటిలోనూ ఆ గడి ఉంటుంది. ఇంతే. మనం ముప్పై అయిదేళ్లు చేసిన పని ఇదే. అందుకే మనకే బాగా అర్థమవుతుందన్నాను.

అయితే తేడా ఒకటుంది. సర్వీస్ బుక్కులో వివరాలే ఉంటాయి, లెక్కకట్టే పని గుమాస్తాది. ఆబ్జెక్ట్‌లో వివరాలతోపాటు లెక్కకట్టే పద్ధతి కూడా ఉంటుంది. “నీ వయసెంత?”, “ఈ నెల నీకెంత రావాలి?” అని అడిగితే అది తన వివరాలు తానే చూసుకుని జవాబు చెబుతుంది. ఆ పద్ధతులను ‘మెథడ్’ అంటారు.

క్లాస్ అనే మాట మనకు మరోవిధంగా కూడా పరిచితమే. ఈ దినోత్సవానికి కారణమైన నకారా కేసు తీర్పు 1982 డిసెంబరు 17న వచ్చింది. 1979 మార్చి 31 అనే తేదీని గీతగా పెట్టి, దానికి ముందు రిటైరైన వారికి మెరుగైన లెక్క వర్తించదన్నారు. పెన్షనర్లందరూ ఒకే తరగతి అని, ఆ గీత గీసి వారిని చీల్చడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. తరగతి అంటే క్లాసే కదా. ఒక క్లాసుకు చెందిన వారందరికీ ఒకే నియమం, అది ఒకే చోట రాసి ఉండాలి. న్యాయస్థానం చెప్పిన సూత్రానికి, ప్రోగ్రామర్ పాటించే సూత్రానికి ఎంత దగ్గరితనమో చూడండి.

ఒక పెన్షనర్‌ను తయారుచేద్దాం

పైథాన్‌లో ‘క్లాస్’ అనే ఆంగ్ల పదం రాసి, పక్కన ‘పెన్షనర్’ అని పేరు పెట్టి, కోలన్ పెట్టాలి. భాషకు సంబంధించిన మూలపదాలు ఆంగ్లంలోనే ఉండాలి గాని, మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలో రాసినా పైథాన్ అంగీకరిస్తుంది. మూల_పెన్షన్, పుట్టిన_తేదీ అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు.

దాని కింద మొదట రాసేది ‘ఇనిట్’ అనే మెథడ్. కొత్త ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు ఏయే వివరాలు తప్పనిసరిగా ఇవ్వాలో ఇందులో చెబుతాం. పేరు, పుట్టిన తేదీ, మూల పెన్షన్, కమ్యూట్ చేసిన మొత్తం, కమ్యుటేషన్ అమలైన తేదీ. వీటిలో ఏది ఇవ్వకపోయినా పైథాన్ ఆబ్జెక్ట్‌ను తయారుచేయదు. ఫలానా వివరం లేదని తప్పు చూపి ఆగిపోతుంది. అసంపూర్ణమైన ఫారాన్ని కౌంటర్ దగ్గరే వాపసు చేసే గట్టి గుమాస్తా అన్నమాట.

ప్రతి మెథడ్‌లోనూ ‘సెల్ఫ్’ అనే మాట కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే వారు చాలామంది ఇక్కడే తికమకపడతారు. తెలుగువారికి ఆ అవస్థ అక్కరలేదు. మన భాషలో దానికి చక్కని మాట ఉంది – ‘తన’. సెల్ఫ్ చుక్క మూల_పెన్షన్ అంటే ‘తన మూల పెన్షన్’. ఎవరి ఆబ్జెక్ట్‌ను అడిగితే వారి పెన్షన్ అని అర్థం.

ఇప్పుడు లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ ఒకరి మూల పెన్షన్ 30,000 రూపాయలు అనుకోండి. గరిష్ఠంగా 40 శాతం, అంటే 12,000 కమ్యూట్ చేశారు. మిగిలినది 18,000. డి.ఆర్. మాత్రం పూర్తి 30,000 మీదనే కట్టాలి. కమ్యుటేషన్ అమలైన తేదీ నుంచి 15 ఏళ్లు నిండగానే ఆ 12,000 తిరిగి కలవాలి. 80 ఏళ్లు నిండితే మూల పెన్షన్‌లో 20 శాతం, అంటే 6,000 అదనంగా రావాలి. 85కి 30 శాతం, 90కి 40, 95కి 50, నూరేళ్లు నిండితే 100 శాతం. ఈ అదనపు పెన్షన్ 6వ వేతన సంఘం సిఫార్సు మీద 2006 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ నియమాలన్నీ పెన్షనర్ క్లాసులో ఒక్కొక్కటి ఒక్కో మెథడ్‌గా ఒకే చోట ఉండాలి. బిల్లు తయారుచేసే చోట ఒకసారి, బకాయిలు కట్టే చోట ఒకసారి, స్లిప్పు అచ్చువేసే చోట మరొకసారి విడివిడిగా రాశారనుకోండి. నియమం మారినప్పుడు రెండు చోట్ల దిద్ది మూడో చోట మరచిపోతారు. స్లిప్పులో ఒక అంకె, పాస్‌బుక్కులో మరొక అంకె కనిపిస్తుంది. అటువంటి చిక్కును తప్పించడమే ఈ పద్ధతి మొదటి ప్రయోజనం.

బీరువా తాళం

రెండో ప్రయోజనం ‘ఎన్‌క్యాప్సులేషన్’. పేరు పెద్దది, విషయం చిన్నది. సర్వీస్ బుక్ బీరువాలో ఉంటుంది, తాళం సంబంధిత సెక్షన్ వద్ద ఉంటుంది. దారినపోయేవారు తీసి పుట్టిన తేదీ దిద్దడానికి వీల్లేదు. మార్చాలంటే దరఖాస్తు, రుజువు, అధికారి సంతకం ఉండాలి. ఆబ్జెక్ట్‌లోని వివరాలను కూడా బయటి ప్రోగ్రాం నేరుగా మార్చకుండా, పరీక్షించి మార్చే మెథడ్ ద్వారానే మార్చనివ్వాలి. జావా భాషలో ఈ తాళం గట్టిది. పైథాన్‌లో వివరం పేరుకు ముందు ఒక కింది గీత పెడతారు. అది తాళం కాదు, ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అన్న బోర్డు వంటిది. మర్యాద తెలిసినవారు పాటిస్తారు.

వారసత్వం – దాని చిక్కులు

మూడోది ‘ఇన్‌హెరిటెన్స్’, అంటే వారసత్వం. ఒక క్లాసులోని లక్షణాలు మరొక క్లాసుకు సంక్రమించడం. ఇక్కడ తొందరపడకూడదు. ఫ్యామిలీ పెన్షనర్ కూడా పెన్షనరే కదా అని పెన్షనర్ క్లాసు నుంచి నేరుగా వారసత్వం ఇచ్చేస్తే ఏమవుతుంది? కమ్యుటేషన్ తగ్గింపు కూడా వారసత్వంగా వస్తుంది. భర్త కమ్యూట్ చేసిన మొత్తాన్ని భార్య ఫ్యామిలీ పెన్షన్‌లో తగ్గించడం నియమాలకు విరుద్ధం.

సరైన దారి ఏమిటంటే, పైన ‘పింఛనుదారు’ అని ఒక సాధారణ క్లాసు పెట్టాలి. పేరు, పుట్టిన తేదీ, మూల మొత్తం, డి.ఆర్. లెక్క, వయసును బట్టి అదనపు మొత్తం – ఇవి అందరికీ ఉమ్మడి. దాని కింద ఇద్దరు పిల్లలు. ఒకరు ‘సర్వీస్ పెన్షనర్’, ఆయనకు కమ్యుటేషన్ ఉంటుంది. మరొకరు ‘ఫ్యామిలీ పెన్షనర్’, ఆమెకు కమ్యుటేషన్ లేదు గాని హెచ్చు రేటు, మామూలు రేటు అని రెండు రేట్లుంటాయి. రిటైరైన తరువాత భర్త మరణిస్తే మరణించిన నాటి నుంచి 7 ఏళ్లు, లేదా ఆయన బ్రతికుంటే 67 ఏళ్లు నిండే నాటి వరకు, ఏది ముందైతే అంతవరకు హెచ్చు రేటు. ఆ తరువాత ఆఖరి జీతంలో 30 శాతం.

నాలుగోది ‘పాలిమార్ఫిజమ్’. ఒకే పిలుపు, ఎవరి పద్ధతి వారిది. “అదనపు పెన్షన్ ఎంత?” అని అందరినీ ఒకే మాటతో అడుగుతాం. కేంద్ర పెన్షనర్ ఆబ్జెక్ట్ 80 ఏళ్ల నుంచి లెక్క చూస్తుంది. మన రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్ల ఆబ్జెక్ట్ 70 ఏళ్ల నుంచే చూస్తుంది, శాతాలు కూడా వేరు. అడిగేవారికి ఆ తేడాతో పనిలేదు.

పుట్టిన తేదీ లేని ఆబ్జెక్ట్

ఇప్పుడు సోదరీమణులు ప్రత్యేకించి వినాలని కోరుతున్నాను. పెన్షనర్ మరణించినప్పుడు ఆయన ఆబ్జెక్ట్‌లోనే పేరు కొట్టివేసి భార్య పేరు రాస్తే సరిపోదు. అందులో ఆయన పుట్టిన తేదీ ఉంటుంది. ఫ్యామిలీ పెన్షనర్‌కు అదనపు మొత్తం ఆమె సొంత వయసును బట్టి రావాలి. కాబట్టి ఆయన ఖాతా ముగించి, ఆమె పేరున, ఆమె పుట్టిన తేదీతో కొత్త ఆబ్జెక్ట్ తెరవాలి.

నాకు తెలిసిన ఒక పెద్దావిడకు 80 నిండి చాలా నెలలైనా అదనపు ఫ్యామిలీ పెన్షన్ రాలేదు. వారి అబ్బాయితో కలిసి విచారిస్తే తేలినదేమిటంటే, పాత పి.పి.ఓ.లో భార్య పేరు ఉంది గాని పుట్టిన తేదీ లేదు. కంప్యూటర్‌లో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ప్రోగ్రాం తప్పు లెక్క కట్టలేదు, అసలు లెక్కే కట్టలేదు. పుట్టిన తేదీ లేని ఆబ్జెక్ట్‌కు ఎన్నేళ్లు గడిచినా 80 నిండవు. ఆమెకు ఆధారాలిచ్చి దిద్దించడానికి తోడుగా కొడుకున్నాడు. అటువంటి తోడు లేనివారి మాటేమిటి? గడి ఖాళీగా ఉంటే ఆబ్జెక్ట్ పుట్టకూడదని నేను ఇందాక చెప్పిన ఇనిట్ కట్టుబాటు వెనుక ఒక వృద్ధురాలి మందుల ఖర్చు ఉందని ప్రోగ్రామర్లకు తెలియాలి. ఆ ప్రోగ్రామర్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మనమే చెప్పాలి.

ట్రయల్ బ్యాలెన్స్

ప్రోగ్రాం రాశాక దాన్ని పరీక్షించాలి. అకౌంట్స్ వారికి ఇది కొత్త కాదు. జవాబు ముందే తెలిసిన లెక్కలు ఇచ్చి సరిపోయిందో లేదో చూడాలి. 1942 ఆగస్టు 20న పుట్టిన కేంద్ర పెన్షనర్‌కు అదనపు పెన్షన్ ఎప్పటి నుంచి? ఆగస్టు 20 నుంచి కాదు, ఆ నెల మొదటి తేదీ నుంచి, అంటే 2022 ఆగస్టు 1 నుంచి. నియమం అలాగే ఉంది. 1942 ఆగస్టు 1న పుట్టిన వారికీ అదే తేదీ. ప్రోగ్రామర్ రోజులు లెక్కపెట్టి పోల్చితే మొదటి వారికి 19 రోజుల అదనపు పెన్షన్ పోతుంది. సంవత్సరం, నెల మాత్రమే పోల్చితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఇటువంటి అంచు లెక్కలు మనకు తెలిసినంతగా ఇరవై అయిదేళ్ల కుర్రవాడికి ఎలా తెలుస్తాయి?

మరొక జాగ్రత్త. పైథాన్‌ను 0.1, 0.2 కూడమంటే 0.3 అని చెప్పి ఊరుకోదు. చాలా సున్నాల తరువాత చివర ఒక 4 చూపిస్తుంది. కంప్యూటర్ దశాంశాలను ద్విసంఖ్యా పద్ధతిలో దాచుకోవడం వల్ల వచ్చే తేడా అది. కాబట్టి డబ్బు లెక్కలకు ‘డెసిమల్’ అనే ప్రత్యేక సాధనం వాడాలి, లేదా అంతా పైసలలోకి మార్చి పూర్ణాంకాలతో కట్టాలి. పైసా తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని వెతికిన వాళ్లం. ఈ సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఎలా మొదలుపెట్టాలి?

ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. పైథాన్‌ను ఉచితంగా ఎక్కించుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌లో ఎక్కిస్తే ‘ఐడిల్’ అనే రాత పలక దానితోనే వస్తుంది. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలుంది. రోజుకు ఒక గంట మించవద్దు. మొదటి వారం కూడికలు, తీసివేతలు, ‘అయితే – కాకపోతే’ షరతులు. రెండో వారం ఒకే పనిని పదిసార్లు చేయించడం, చిన్న చిన్న ఫంక్షన్లు రాయడం. మూడో వారం ఒక క్లాసు, రెండు మెథడ్లు. నాలుగో వారం సొంత పెన్షన్ లెక్క. వారసత్వం జోలికి రెండో నెల వరకు పోనక్కరలేదు. పుస్తకంలో ఉన్నది చూసి రాయడం కన్నా సొంత లెక్కను రాసుకోవడం వల్ల త్వరగా పట్టుబడుతుంది. చిక్కుపడితే మనవణ్ణో మనవరాలినో అడగండి. అడగడంలో చిన్నతనం లేదు. వారికీ తాతగారితో, అమ్మమ్మతో మాట్లాడడానికి ఒక విషయం దొరుకుతుంది.

“ఇప్పుడు కృత్రిమ మేధే ప్రోగ్రాం రాసిపెడుతోంది కదా, నేర్చుకోవడం ఎందుకు?” అని కొందరు అడగవచ్చు. నిజమే, రాసిపెడుతుంది. ఆఫీసులో డ్రాఫ్టు కూడా గుమాస్తానే రాసిపెట్టేవాడు. అది చదివి, నియమంతో సరిచూసి, సంతకం పెట్టిన వాడిదే బాధ్యత. చదవడం రానివాడు సరిచూడలేడు. నేర్చుకోవడం అందుకే.

రెండు మనవులు

సభ్యులందరికీ నా మొదటి మనవి. ఈరోజు ఇంటికి వెళ్లగానే మీ పి.పి.ఓ. తీసి, మీ పుట్టిన తేదీతోపాటు మీ జీవిత భాగస్వామి పుట్టిన తేదీ కూడా నమోదై ఉందో లేదో చూడండి. లేకపోతే మీరుండగానే, ఓపిక ఉండగానే దిద్దించండి. ఆ ఒక్క గడి రేపు మీ ఇంటి దీపాన్ని కాపాడుతుంది.

రెండో మనవి సంఘ కార్యవర్గానికి. వారానికి రెండు సాయంత్రాలు సంఘం గదిలో పైథాన్ తరగతి పెట్టండి. పదిమంది వచ్చినా చాలు. పెన్షన్ లెక్కను మనమే ఒక చిన్న ప్రోగ్రాంగా రాసి, సభ్యుల స్లిప్పులను దానితో సరిచూద్దాం. తేడా వస్తే నియమం పేరు, అంకెలు చూపించి ఉత్తరం రాద్దాం. ఆవేశంతో రాసిన అర్జీ కన్నా లెక్కతో రాసిన అర్జీకి బలమెక్కువ.